‘ఎస్-100 పాజిటివ్’ అని రాస్తే క్యాన్సర్ ఉన్నట్టేనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి 61 ఏళ్ళు, కొమ్ము బొమ్మలు చేస్తారు. కుడి ముంజేతిలో, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన, ఆరేళ్ళ నుంచి ఉసిరికాయంత గడ్డ ఉండేది. నొప్పి లేదు గానీ బల్ల అంచు తగిలితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. ఈ ఏడాది సూది పరీక్ష చేయిస్తే “స్పిండిల్ సెల్ లీజన్, కొన్ని కణాల్లో ఎటిపియా ఉంది, గడ్డ తీసి పరీక్షించాలి” అని వచ్చింది. బరంపురంలో ఆపరేషన్ చేసి తీశారు. ఇప్పుడు ముక్క పరీక్ష రిపోర్టులో “ష్వానోమా విత్ ఏన్షియెంట్ చేంజ్, ఎస్-100 పాజిటివ్” అని ఉంది. మా బావ “పాజిటివ్ అంటే ఉన్నట్టే, ఏన్షియెంట్ అంటే బాగా ముదిరిపోయినట్టు, వెంటనే విశాఖ తీసుకెళ్ళి కీమో మొదలుపెట్టించాలి” అంటున్నాడు. డాక్టరు గారేమో ఏం పర్లేదు, ఇంటికి వెళ్ళండి అన్నారు. ఒక పరీక్ష ఒకలా, ఇంకో పరీక్ష ఇంకోలా చెబితే ఏది నమ్మాలి? మా చెల్లి వీపు మీద రెండు గోధుమరంగు మచ్చలున్నాయి, ఇది వంశంలో వచ్చే జబ్బని నెట్‌లో చదివాం. ఆపరేషన్ అయి మూడు వారాలైంది, నాన్నగారి చూపుడువేలు ఇంకా మొద్దుబారినట్టే ఉంది. అమ్మ అన్నం తినడం మానేసింది.

జవాబు: ముందు అమ్మగారికి అన్నం పెట్టండి. మీరు పంపిన రెండు రిపోర్టులూ అక్షరం అక్షరం చదివాను. ముక్క పరీక్షలో ఉన్నదాని ప్రకారం నాన్నగారిది క్యాన్సర్ కాదు. నరం మీది తొడుగులోంచి పుట్టిన గడ్డ, ఒంట్లో మరో చోటికి పాకే రకం కాదు, పూర్తిగా తీసేస్తే మళ్ళీ రావడం అరుదు. కీమోతో పనే లేదు. ఇలాంటి ముక్కలను మైక్రోస్కోప్ కింద చూసి చెప్పడమే నా పని, కానీ నాన్నగారి స్లైడు, అంటే ముక్క పొర పరిచిన గాజు పలక, నేను కళ్ళతో చూడలేదు కాబట్టి నేను చెప్పేదంతా రిపోర్టు మీద ఆధారపడే చెబుతున్నాను. ఆ స్లైడును ఇంకొకరికి ఎలా చూపించుకోవాలో కూడా కింద రాస్తాను, ఎందుకంటే ఇంట్లో అందరూ అనుమానంతో బతికే కంటే ఒక్కసారి తీర్చేసుకోవడం మేలు.

నేనూ మీ దగ్గరిదాన్నే, గుణుపురంలో పుట్టి పెరిగాను. మన సరిహద్దు ఊళ్ళలో ఒక కష్టం ఉంది. డాక్టరు ఒడియాలో చెబుతారు, రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది, ఇంటికొచ్చి దాన్ని మనం తెలుగులో చెప్పుకుంటాం. మూడు భాషలు దాటేసరికి మాట మారిపోతుంది, పైగా భయం వచ్చి కలుస్తుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆ ఊరి నుంచి వచ్చిన ఉత్తరానికి పెద్ద పెద్ద మాటల్లో జవాబు రాయడం బాగుండదు, అందుకే రిపోర్టులో మాటలన్నీ ఒక్కొక్కటే విప్పుతాను.

మొదట ఆ ‘పాజిటివ్’ సంగతి. కరోనా రోజుల నుంచి మనకు పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టు, నెగెటివ్ అంటే లేనట్టు అని మనసులో ముద్ర పడిపోయింది. మీ బావగారిది తప్పు కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అలాగే అనుకుంటారు. కానీ ఎస్-100 జబ్బు పేరు కాదు, అది ఒక ప్రోటీన్ పేరు. 1965లో మెదడు కణజాలంలో దీన్ని కనుక్కున్నారు, అమ్మోనియం సల్ఫేట్‌ను ఇక కరగనంతగా, అంటే నూటికి నూరు పాళ్ళు, కలిపిన ద్రావణంలో కూడా కరిగే ఉంటుంది కాబట్టి 100 అన్న అంకె పేరులో చేరింది. నరం తొడుగు కణాల్లో ఈ ప్రోటీన్ పుష్కలంగా ఉంటుంది. నా చేతిలో ఉన్న ఆరోగ్యమైన నరాన్ని తీసి పరీక్షించినా ఎస్-100 పాజిటివే వస్తుంది, మీ చేతిలో నరమైనా అంతే. అంటే ఆ పరీక్ష “ఈ కణాలు ఏ ఇంటివి?” అని అడిగి జవాబు తెచ్చింది, “ఇవి మంచివా చెడ్డవా?” అన్నది దాని పని కాదు. నాన్నగారి విషయంలో అది గట్టిగా, గడ్డంతటా పాజిటివ్ వచ్చిందని రాశారు. అది మనకు అనుకూలమైన మాట. నరాల తొడుగులో నిజంగా క్యాన్సర్ వస్తే చాలాసార్లు ఈ పరీక్షలో ఆ ప్రోటీన్ ఉన్నచోట పడే రంగు అక్కడక్కడా, పల్చగా మాత్రమే పడుతుంది, కొన్నిసార్లు అసలు పడదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన తెలుగులో ‘నరం’ అన్న మాట చాలా చిక్కు తెస్తుంది. సెలైన్ ఎక్కించేదాన్నీ నరమే అంటాం, ఎండాకాలం చేతి మీద ఉబ్బి కనిపించేదాన్నీ నరమే అంటాం, అవి రక్తనాళాలు. నేను చెప్పే నరం స్పర్శనీ కదలికనీ మోసేది, కరెంటు వైరు లాంటిది. వైరు లోపల తీగలున్నట్టు దాని లోపల సన్నటి పోగులుంటాయి, ఆ పోగుల చుట్టూ తొడుగులా చుట్టుకుని ఉండేవి ష్వాన్ కణాలు. 1839లో థియొడార్ ష్వాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాటిని వర్ణించాడు, ఆయన పేరే వాటికి స్థిరపడింది. ఆ కణాలు పెరిగి గడ్డ కడితే ష్వానోమా. బల్ల తగిలినప్పుడు నాన్నగారికి సరిగ్గా ఆ మూడు వేళ్ళలోకే జివ్వుమనడానికి కారణం కూడా అదే, ముంజేతి మధ్యగా దిగే మీడియన్ నరం స్పర్శ మోసుకొచ్చేది ముఖ్యంగా ఆ వేళ్ళ నుంచే. పరీక్ష చేసే డాక్టరు ఇలాంటి గడ్డను వేళ్ళతో పట్టుకుని కదిపితే ఆ పక్కకీ ఈ పక్కకీ కదులుతుంది, నరం పొడుగునా పైకీ కిందికీ మాత్రం కదలదు.

ఇక మీ అసలు ప్రశ్న, రెండు రిపోర్టుల్లో ఏది నమ్మాలని. అవి రెండూ ఒకదాన్నొకటి కాదనడం లేదు, జాగ్రత్తగా చదివితే మీకే తెలుస్తుంది. స్పిండిల్ సెల్ అంటే కదురులా పొడుగాటి కణం, ఎటిపియా అంటే కణం రూపు తేడాగా ఉండటం. మొదటిది “క్యాన్సర్ ఉంది” అనలేదు, “కొన్ని కణాలు తేడాగా ఉన్నాయి, గడ్డ మొత్తం చూడందే చెప్పలేం” అంది. సూది పరీక్షలో సన్నటి సూదితో గడ్డలోంచి కాసిని కణాలు పీల్చి గాజు పలక మీద పులుముతారు. కణాలు కనిపిస్తాయి గానీ అవి ఏ వరసలో ఉన్నాయో, గడ్డ అంచు ఎలా ఉందో, నరం ఎటు పోయిందో అందులో కనిపించదు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, నాన్నగారు కొమ్మును ఆకురాయితో రుద్దినప్పుడు రాలిన పొడిని చేతిలో పెట్టి “ఇది కొంగ బొమ్మదా, నెమలి బొమ్మదా?” అని అడిగినట్టు. కొమ్ము పొడే అని మాత్రం చెప్పగలరు. మొదటి డాక్టరు గారు అదే నిజాయితీగా రాశారు. ఆ రిపోర్టును తప్పుపట్టకండి, దానివల్లే గడ్డ బయటికి వచ్చింది.

రెండోసారి మా చేతికి బొమ్మ మొత్తం వచ్చింది. తీసిన గడ్డను ఫార్మలిన్‌లో వేసి గట్టిపరుస్తారు, కోసి ముక్కలు చేస్తారు, మైనంలో పొదుగుతారు, ఆ మైనపు దిమ్మనే బ్లాక్ అంటాం. దాన్నుంచి మైక్రోటోమ్ అనే యంత్రంతో మిల్లీమీటరును 250 పొరలు చేస్తే ఒక పొర ఎంతుంటుందో అంత పల్చటి పొర తీసి, గాజు మీద పరిచి రంగులు వేస్తారు. కణాల కేంద్రకాలు ఊదా నీలంగా, మిగిలినదంతా గులాబీగా కనిపిస్తుంది.

ష్వానోమా స్లైడు నాకు చాలా ఇష్టం, ఎన్ని వందలు చూసినా ఇంకా ఇష్టమే. తక్కువ లెన్సులో చూడగానే ముందు అంచు కనిపిస్తుంది, గడ్డ చుట్టూ గులాబీ రంగు గట్టు కట్టినట్టు చక్కటి పొర, దాని పక్కకి ఒత్తుకుపోయి ఒకవైపున అసలు నరం. లోపల రెండు రకాల నేల ఉంటుంది. ఒకచోట కణాలు దట్టంగా, దగ్గరదగ్గరగా ఊడ్చిన వరి మడిలా ఉంటాయి. ఇంకోచోట వర్షానికి నీళ్ళు నిలిచిపోయి నారు అక్కడొకటి అక్కడొకటి మిగిలిన మడిలా పల్చగా ఉంటాయి, వాటి మధ్య గోడలు మందమెక్కిన చిన్న రక్తనాళాలు. 1920లో స్వీడన్ నరాల వైద్యుడు నిల్స్ ఆంటోని ఈ రెండు నేలల్నీ విడివిడిగా వర్ణించాడు కాబట్టి మొదటిదాన్ని ఆంటోని ఎ, రెండోదాన్ని ఆంటోని బి అంటాం. మీ రిపోర్టు రెండో పేరాలో ఆ రెండు మాటలూ ఉన్నాయి, చూసుకోండి.

దట్టంగా ఉన్నచోట లెన్సు మార్చి దగ్గరగా వెళితే కనిపించేది వెరోకే బాడీ. పెళ్ళి భోజనాల్లో రెండు బంతులు ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో వడ్డించేవాళ్ళు నడిచే దారి ఖాళీగా వదిలినట్టు, పొడుగాటి కేంద్రకాలు రెండు వరసలుగా కూర్చుని ఉంటాయి, మధ్యలో ఒక్క కేంద్రకం కూడా లేని గులాబీ దారి. ఉరుగ్వేలో పుట్టి ప్రాగ్‌లో పనిచేసిన హోసే వెరోకే 1910లో దీని గురించి రాశాడు. నూరేళ్ళు దాటినా ఈ గడ్డను గుర్తుపట్టడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు తక్కువ. నాన్నగారి రిపోర్టులో “వెరోకే బాడీస్ కనిపించాయి” అని ఉంది. అది చదివాకే నేను కుర్చీలో వెనక్కి వాలాను.

ఇప్పుడు ‘ఏన్షియెంట్’. ఆ మాటకి అర్థం పాతబడింది అని, ముదిరింది అని కాదు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగిన ష్వానోమాలో కొన్ని భాగాలకు రక్తం సరిగా అందక కణాలు వయసైపోయినట్టు మారతాయి. కేంద్రకాలు ఉబ్బుతాయి, నల్లబడతాయి, వంకర తిరుగుతాయి, సిరా అలికినట్టు మసకబారతాయి. చూడ్డానికి భయంకరంగా ఉంటాయి. 1951లో అమెరికాలో ఎకర్మన్, టేలర్ అనే ఇద్దరు ఛాతీలోని నరాల గడ్డలను పరిశీలిస్తూ ఇలాంటి వాటికి ఈ పేరు పెట్టారు. వాటి రూపు చూసి బెదరనక్కర్లేదని అప్పటి నుంచి తెలుసు. నాన్నగారి గడ్డ ఆరేళ్ళది, సూదికి దొరికిన ‘తేడా’ కణాలు ఇవే అయి ఉంటాయి.

ఇది నేను ఇంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే దగ్గర నేను ఒకసారి తప్పు చేశాను. పీజీ రెండో ఏడు. ఛాతీలోంచి తీసిన గడ్డ స్లైడు నా ముందుకు వచ్చింది. నేను నేరుగా పెద్ద లెన్సు తిప్పాను. నల్లగా, గుమ్మడి గింజల్లా ఉబ్బిన కేంద్రకాలు కళ్ళ నిండా కనిపించాయి. సార్కోమా (కండ, నరం లాంటి వాటిలో వచ్చే క్యాన్సర్) అని కాగితం మీద రాసుకున్నాను, అక్కడితో ఆగినా బాగుండేది. రిజల్టు కోసం వరండాలో రెండు రోజులుగా కూర్చున్న ఆయన భార్య అడిగితే “కొంచెం తేడాగా ఉందమ్మా” అనేశాను. ఆవిడ ఇంకేం అడగలేదు, కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది. లోపలికి వెళ్ళి మా మేడమ్‌కి స్లైడు ఇస్తే ఆవిడ చిన్న లెన్సు పెట్టి “అంచు చూశావా?” అన్నారు. చూడలేదు. చక్కటి పొర ఉంది. “బంతులు చూశావా?” రెండో స్లైడులో ఉన్నాయి, నేను ఆ స్లైడు తీయనే లేదు. “విడిపోతున్న కణాలు ఎన్ని లెక్కపెట్టావు?” సున్నా. అరగంట కూర్చోబెట్టి లెక్కపెట్టించారు, ఒక్కటి కూడా లేదు. వరండాలోకి నన్నే పంపారు, ఆవిడకి నిజం చెప్పి రమ్మని. ఆ అరగంటలో ఆవిడ ఎన్ని రకాలుగా చచ్చిపోయి బతికిందో నాకు తెలుసు. అప్పటి నుంచి ఒక్క వికారమైన కణాన్ని చూసి నేను ఏ నిర్ణయానికీ రాను. కణం రూపు కాదు, అది విడిపోయి సంఖ్య పెంచుకుంటోందా, గట్టు దాటి పక్క కండలోకి చొరబడుతోందా, గడ్డ మధ్యలో కణజాలం చచ్చిపోయి ఉందా, ఇవన్నీ కలిపి చూడాలి. మీ రిపోర్టులో ఈ మూడింటి దగ్గరా “లేదు” అని ఉంది.

ఇక చెల్లి మచ్చలు. మీరు నెట్‌లో చదివింది న్యూరోఫైబ్రోమాటోసిస్ గురించి అయి ఉంటుంది. దాని మొదటి రకం దాదాపు 3,000 మందిలో ఒకరికి ఉంటుంది, 17వ క్రోమోజోమ్ మీది జన్యువులో లోపం వల్ల వస్తుంది, కాఫీలో పాలు కలిపిన రంగు మచ్చలు దాని గుర్తుల్లో ఒకటే. కానీ దానిలో వచ్చేది వేరే గడ్డ, దాని పేరు న్యూరోఫైబ్రోమా. రెండూ నరం తొడుగు గడ్డలే అయినా మైక్రోస్కోప్ కింద తేడా బాగా తెలుస్తుంది. ష్వానోమా జడ పక్కన గుచ్చిన చేమంతి లాంటిది, పువ్వు తీసేస్తే జడ జడలాగే ఉంటుంది. న్యూరోఫైబ్రోమా జడలో కలిపి అల్లేసిన సవరం లాంటిది, నరం పోగులు గడ్డ లోపలి నుంచే పోతుంటాయి, విప్పకుండా తీయలేం. దానికి గట్టు ఉండదు, కేంద్రకాలు కామా గుర్తులా వంపు తిరిగి ఉంటాయి, మధ్యలో కొల్లాజెన్ అనే పీచు పదార్థం హల్వాకి తురిమిన క్యారెట్‌లా పోగులు పోగులుగా, అక్కడక్కడా అలర్జీలో పనిచేసే మాస్ట్ కణాలు. ఎస్-100 కొన్ని కణాల్లోనే పడుతుంది, ఎందుకంటే అందులో ష్వాన్ కణాలు ఒక్కటే కాదు, రకరకాల కణాలు కలిసి ఉంటాయి. ఇది నరం పొడవునా పాకి వానపాముల సంచిలా తగిలే రకం ఒకటుంది, ప్లెక్సిఫార్మ్ అంటాం. అది ఉంటే మొదటి రకం జబ్బు ఉన్నట్టే అనుకుని వెతకాలి, అందులో క్యాన్సర్‌గా మారే ప్రమాదం నిజంగానే ఉంది కాబట్టి జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి.

నాన్నగారిది ఇది కాదు. చెల్లికి మచ్చలు రెండే. పెద్దవాళ్ళలో ఆ జబ్బు అనుమానించాలంటే 15 మిల్లీమీటర్లకు మించినవి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, చంకల్లో చిన్న చిన్న చుక్కల్లాంటి మచ్చలు, ఒంటి మీద మెత్తటి బుడిపెలు, కంటి పాప చుట్టూ ఉండే రంగు పొర మీద చిన్న ఉబ్బులు లాంటి వేరే గుర్తులూ కలవాలి. ఒకటీ రెండూ మచ్చలు ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా మామూలే. ష్వానోమాలు వంశంలో వచ్చే జబ్బు వేరేది ఉంది, 22వ క్రోమోజోమ్‌తో ముడిపడినది, కానీ అందులో గడ్డలు ఒకటి కాదు, చాలా వస్తాయి, చిన్న వయసులోనే రెండు చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం ఉంటాయి. అరవై దాటిన మనిషికి చేతిలో ఒక్క గడ్డ అంటే నూటికి 90 మందికి పైగా వంశంతో సంబంధం లేకుండా వచ్చిందే. మీకు, చెల్లికి జన్యు పరీక్షలు అక్కర్లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి గడ్డలుంటే మాత్రం నాకు మళ్ళీ రాయండి.

ఈ జవాబు చదివే మిగతా వాళ్ళ కోసం, మన ప్రాంతం గురించి రెండు మాటలు. చేతిలోనో మోచేతి దగ్గరో నరం ఉబ్బి తగిలితే అది ప్రతిసారీ గడ్డే కానక్కర్లేదు, కుష్టు వల్ల కూడా నరం తాడులా లావెక్కుతుంది, ఒక్కోసారి అందులో చీము చేరి అచ్చం గడ్డలాగే ఉంటుంది. ఒడిశా వైపు గానీ మన ఉత్తరాంధ్ర వైపు గానీ ఆ జబ్బు ఇంకా పోలేదు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఎక్కడైనా ఉందేమో ఒళ్ళంతా చూసుకుని డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడకండి. సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే నయమైపోతుంది. ముందే చెబితే మేమూ ఆ సూక్ష్మజీవి కోసం ప్రత్యేకమైన రంగు వేసి వెతుకుతాం, చెప్పకపోతే కోత పడనక్కర్లేని నరానికి కోత పడుతుంది.

రెండోది నాలుక మీది గడ్డ. నరం తొడుగు గడ్డల్లో గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అని ఒకటుంది, నాలుక మీద రావడం దానికి అలవాటు. కణాల నిండా రవ్వ పోసినట్టు గింజలు గింజలుగా ఉంటుంది, ఎస్-100 పాజిటివ్, దాదాపు ఎప్పుడూ మంచి గడ్డే. చిక్కేమిటంటే దాని మీది పై చర్మం విపరీతంగా పెరిగి, లోపలికి వేళ్ళు దింపి, అచ్చం నోటి క్యాన్సర్‌లా వేషం వేస్తుంది. గుట్కా, ఖైనీ వాడేవాళ్ళు, అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఉన్న మన ఊళ్ళలో నోటి ముక్క అనగానే క్యాన్సరే మనసులో మెదులుతుంది. ముక్క మరీ పైపైన తీస్తే అడుగున ఉన్న ఆ రవ్వ కణాలు అందులోకి రావు. నాలుక లోపల గుండ్రంగా, గట్టిగా ఉన్న గడ్డ అయితే “కొంచెం లోతుగా తీయండి డాక్టరు గారూ” అని అడగడంలో తప్పులేదు. పెరిన్యూరియోమా అని ఇంకో గడ్డ ఉంది, అరుదు. అందులో ఎస్-100 నెగెటివ్, ఈఎంఏ అనే మరో రంగు పాజిటివ్. పాజిటివ్ అన్నా నెగెటివ్ అన్నా భయపడకూడదని చెప్పడానికే దాని పేరెత్తాను.

నిజంగా పరిగెత్తాల్సిన సందర్భాలు కూడా చెప్పాలి. ఏళ్ళుగా ఉన్న గడ్డ కొన్ని వారాల్లో గబగబా పెరిగితే, రాత్రిళ్ళు నిద్ర లేపేంత నొప్పి కొత్తగా మొదలైతే, చేతిలో బలం తగ్గిపోతుంటే, తొడలోనో నడుము లోపలో లోతుగా ఐదు సెంటీమీటర్లు దాటి ఉంటే ఆలస్యం చేయకండి. ముఖ్యంగా ముందు నుంచీ న్యూరోఫైబ్రోమాటోసిస్ ఉన్నవాళ్ళు.

బావగారి భయం తీరాలంటే మనిషిని విశాఖ తీసుకెళ్ళక్కర్లేదు, బ్లాక్ వెళితే చాలు. పరీక్ష చేసిన ల్యాబుకి వెళ్ళి, రిపోర్టు మీదున్న నంబరు చూపించి, స్లైడులు, మైనపు బ్లాకులు సెకండ్ ఒపీనియన్ కోసం కావాలని కాగితం రాసివ్వండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు, ఇవ్వడానికి వాళ్ళేమీ నొచ్చుకోరు, ఇది రోజూ జరిగేదే. ఒట్టి స్లైడులు కాకుండా బ్లాక్ కూడా తీసుకోండి, ఇంకో రంగు వేయాలన్నా, క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చూసే హెచ్3కె27ఎంఇ3 లాంటి పరీక్ష చేయాలన్నా కొత్త పొర అందులోంచే తీయాలి. సూది పరీక్ష స్లైడులూ, స్కానూ, ఆపరేషన్‌లో డాక్టరు ఏం చూశారో రాసిన కాగితమూ కలిపి ఇవ్వండి. “గడ్డ నరం మీది నుంచి ఒలిచినట్టు ఊడి వచ్చింది” అన్న ఒక్క వాక్యం మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మాకు ఎంత సాయమో మాటల్లో చెప్పలేను. బ్లాకులు మైనపువి, ఎండలో ఆపిన కారులోనో బస్సు ఇంజను పక్కనో పెడితే కరిగిపోతాయి, రైల్లో వెళ్ళినా కిటికీ ఎండ తగలనివ్వకండి. స్లైడులు గాజువి, పెట్టెలో పెట్టి దూది సర్దండి. చూపించాక మళ్ళీ అదే ల్యాబులో తిరిగి ఇచ్చేసి రసీదు తీసుకోండి, పదేళ్ళ తర్వాత అవసరమైనా ఆధారం అదే.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి. గడ్డ తీశాక ల్యాబుకి మీరే తీసుకెళ్ళమని సీసా చేతికిస్తారు. అందులో ఫార్మలిన్ ఉందో లేదో అడగండి, ముక్క మునగడమే కాదు, ముక్కకి పదింతలు ఉండాలి. సెలైన్‌లోనో మంచినీళ్ళలోనో వేసి పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా బస్సులో తెచ్చిన ముక్కలు నేను చూశాను, కణాలు కుళ్ళిపోయి మసకగా ఉంటాయి, బంతులూ కనిపించవు, గట్టూ కనిపించదు. ఆ మనిషికి మళ్ళీ తీయడానికి ఒంట్లో గడ్డ ఉండదు కదా.

చివరికి నాన్నగారి వేలు. ష్వానోమా తీసేటప్పుడు నరాన్ని కోయరు, పొర చీల్చి గడ్డను జాగ్రత్తగా ఒలుస్తారు, అయినా పక్క పోగులు కాస్త నలుగుతాయి. మూడు వారాలకి మొద్దుబారి ఉండటం మామూలే, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఒకవేళ కొన్ని పోగులు తెగినా నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది, ముంజేతి నుంచి వేలి కొసకి జానెడుకి కాస్త ఎక్కువ దూరం, ఎనిమిది తొమ్మిది నెలలు పట్టొచ్చు. బొటనవేలి కొసని చిటికెనవేలి కొసకి ఆనించమనండి, ఆనించగలిగితే కండరానికి వెళ్ళే పోగులు పనిచేస్తున్నట్టే. ఆనించలేకపోయినా, బొటనవేలి కింద కండ పలచబడుతున్నట్టు కనిపించినా ఈ వారమే ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించండి.

పని మానెయ్యమని నేను చెప్పను, చేతులు ఊరుకుంటే ఆయన మనసు ఊరుకోదు. పాలిష్ పట్టడం, గుడ్డతో రుద్దడం మొదలుపెట్టనివ్వండి. రంపం, ఆకురాయి పట్టుకునేటప్పుడు ఆ వేలికి తోలు తొడుగు వెయ్యండి, తెగినా తెలియదు. కొమ్మును వేడి చేసి వంచే పని మాత్రం స్పర్శ పూర్తిగా వచ్చేదాకా మీరు చెయ్యండి, ఆయన్ని పక్కన కూర్చుని చెప్పమనండి.